పద్దెనిమిది నిండాక ఏం మారుతుంది? కొత్తగా లైసెన్సు తీసుకున్న టీనేజర్లపై ఉన్న ఆంక్షలు, లేని ఆంక్షలు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే విశాఖలో అపార్ట్‌మెంట్ సెల్లార్లలోకి కొత్త బళ్లు దిగుతాయి. కాలేజీ రుషికొండ దగ్గరో, మధురవాడ అవతలో ఉంటుంది. బస్సు కోసం మద్దిలపాలెంలో నిలబడితే మొదటి క్లాసు పోతుంది. అందుకని పిల్లాడికి బండి కొంటారు. అక్కడినుంచి ప్రశ్నలు మొదలవుతాయి. పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారట కదా? ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) ఉంటే చాలదా? మైనర్ దొరికితే ఐదు వేలా, పాతిక వేలా? తండ్రిని నిజంగా జైల్లో వేస్తారా? అమెరికాలో ఉన్న అక్క కొడుక్కి లైసెన్సు వచ్చినా రాత్రిళ్లు కారు తియ్యకూడదట, మనకి అలాంటిది లేదా?

వీటిలో సగం జవాబులు వాట్సాప్‌లో తప్పుగా తిరుగుతున్నాయి. మిగతా సగం నిజమే గానీ సగం సగమే నిజం. కాబట్టి ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళ్దాం. మన చట్టం బరువంతా లైసెన్సు రాక ముందే పడుతుంది. లైసెన్సు వచ్చిన మర్నాటినుంచి పద్దెనిమిదేళ్ల కుర్రాడికీ, నలభై ఏళ్ల వాళ్ల నాన్నకీ దాదాపు ఒకటే రూలు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

ముందు మూడు వయసులు: 16, 18, 20

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 4వ సెక్షన్ వయసుల సంగతి చెబుతుంది. 18 ఏళ్లు నిండనివాళ్లు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపకూడదు. బహిరంగ ప్రదేశం అంటే హైవే ఒక్కటే కాదు, జనం తిరిగే హక్కున్న కాలనీ రోడ్డు కూడా. దీనికి ఒక్క మినహాయింపు ఉంది: ఇంజిన్ సామర్థ్యం 50 సీసీ మించని ద్విచక్ర వాహనాన్ని 16 నిండినవాళ్లు నడపొచ్చు. ఇక ఆటో, క్యాబ్, లారీ వంటి ట్రాన్స్‌పోర్టు బళ్లకు 20 నిండాలి.

అంటే మన దేశంలో 'లైసెన్సున్న టీనేజర్' అంటే ఆచరణలో 18, 19 ఏళ్లవాళ్లే. 16, 17 ఏళ్లవాళ్ల కోసం తెరిచిన తలుపు కాగితం మీద ఉంది గానీ దాంట్లోంచి వెళ్లడానికి బండి లేదు. ఎందుకో చూద్దాం.

పదహారేళ్లకే లైసెన్సు: అవును, కానీ ఏ బండికి?

పదహారు నిండిన అమ్మాయి గానీ అబ్బాయి గానీ, తల్లి లేదా తండ్రి రాతపూర్వకంగా ఒప్పుకుంటే గేర్లు లేని బండికి లైసెన్సు పొందొచ్చు. కార్డు మీద 'ఎంసీడబ్ల్యూఓజీ' అని ఉంటుంది, గేరు లేని మోటారు సైకిల్ అని దానర్థం. ఇక్కడే చాలామంది పొరబడతారు. గేర్లు లేవు కదా అని యాక్టివా ఇచ్చేస్తారు. కానీ 18 లోపు వాళ్లకు చట్టం పెట్టిన హద్దు గేరు మీద కాదు, సీసీ మీద. యాక్టివా 110 సీసీ బండి. స్కూటీ పెప్ ప్లస్ 88 సీసీకి దగ్గర. ఆఖరికి కూరగాయల మూటలు మోసే ఎక్సెల్ 100 కూడా వంద సీసీ.

50 సీసీ హద్దు పెట్టిన రోజుల్లో వీధుల్లో లూనాలు, టీవీఎస్ 50లు తిరిగేవి. ఇప్పుడు షోరూముకి వెళ్లి 50 సీసీ పెట్రోల్ స్కూటర్ అడిగితే చూపించడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. చట్టంలో మాట అలాగే ఉండిపోయింది, బళ్లు మారిపోయాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎంవీపీ కాలనీలో ఉండే పదిహేడేళ్ల అమ్మాయి ద్వారకానగర్‌లో కోచింగ్‌కి యాక్టివా మీద వెళ్తోంది. ఆమె దగ్గర ఎంసీడబ్ల్యూఓజీ లైసెన్సు నిజంగానే ఉంది. హెల్మెట్ పెట్టుకుంది, మెల్లగానే నడుపుతోంది. అయినా చట్టం దృష్టిలో ఆ బండికి ఆమె దగ్గర లైసెన్సు లేనట్టే.

ఎలక్ట్రిక్ బళ్ల మీద కూడా ఒక్క మాట. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, మిగతా నిబంధనలకు సరిపోయే బ్యాటరీ బండిని కేంద్ర నిబంధనలు మోటారు వాహనంగా లెక్కగట్టవు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే 'లైసెన్సు అక్కర్లేదు' అని అమ్మే బళ్లన్నీ ఆ హద్దులోనే ఉంటాయని లేదు. కొన్నాక వేగం లాక్ తీయించి 40, 45కి పెంచితే ఆ మినహాయింపు అక్కడితో పోయినట్టే. నంబరు ప్లేటున్న ఎలక్ట్రిక్ స్కూటర్‌కైతే పెట్రోల్ స్కూటర్‌కి ఉన్నట్టే లైసెన్సు కావాలి.

ఎల్‌ఎల్‌ఆర్: మన చట్టంలో ఉన్న ఒకే ఒక్క మెట్టు

లెర్నర్ లైసెన్సును మనం ఎల్‌ఎల్‌ఆర్ అనే అంటాం. ట్రాఫిక్ గుర్తులు, నిబంధనల మీద పరీక్ష రాసి నూటికి 60 తెచ్చుకుంటే చేతికొస్తుంది. ఆరు నెలలు చెల్లుతుంది. కనీసం 30 రోజులు గడిచాకే అసలు పరీక్షకు స్లాట్ తీసుకోవాలి. ఆ 30 రోజులూ నేర్చుకోవడానికి ఇచ్చినవి.

ఈ కాలానికి మాత్రం చట్టం ప్రత్యేకంగా ఆంక్షలు పెట్టింది. బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రగా 'ఎల్' ఉండాలి. ఆ పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లు అని కొలతలతో సహా కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రాశారు. మన వీధుల్లో కనిపించేది చాలాసార్లు నోట్‌బుక్కు కాగితం మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో గీసి సెల్లోటేపు వేసిన ఎల్, అదీ వెనక అద్దానికే. పక్కన పూర్తి లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. ఊరికే కూర్చుంటే సరిపోదు, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. బైక్ విషయంలో, నేర్పేవాళ్లు తప్ప ఇంకెవరూ వెనక ఎక్కకూడదు. స్నేహితుడినో చెల్లినో ఎక్కించుకుని కాలేజీకి వెళ్లడానికి ఎల్‌ఎల్‌ఆర్ పనికిరాదు.

ముప్పై రోజుల తర్వాత మాధవధార ఆర్టీఏ ఆఫీసుకో, గాజువాక వైపు వాళ్లయితే అక్కడికో వెళ్తారు. బైక్‌కి ఎనిమిది ఆకారంలో గీసిన గీత మీద కాలు కింద పెట్టకుండా తిప్పాలి. అందుకే పిల్లలు 'ఎయిట్ వేశావా?' అని అడుగుతారు. కారైతే ముందుకీ వెనక్కీ, మలుపు, ఎత్తు మీద ఆపి కదపడం. తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావొచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. ప్యాసయితే, 30 ఏళ్ల లోపు వయసువాళ్లకు లైసెన్సు 40వ ఏడు వరకూ ఇస్తారు.

ఇది ఒకసారి నిదానంగా చూడండి. ఖాళీ ట్రాకు మీద కొన్ని నిమిషాలు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు మళ్లీ ఎవరూ అడగరు. హనుమంతవాక జంక్షన్‌లో లారీల మధ్య రోడ్డు దాటగలడా, వానలో సింహాచలం ఘాట్ దిగగలడా, రాత్రి ఎదురు హెడ్‌లైటు కళ్లలో కొడితే తట్టుకోగలడా అన్నవి ఆ పరీక్షలో లేవు.

మైనర్ దొరికితే: ఐదు వేలా, పాతిక వేలా?

రెండూ నిజమే. రెండూ వేర్వేరు సెక్షన్లు. గందరగోళమంతా ఇక్కడే పుట్టింది.

లైసెన్సు లేకుండా నడిపినందుకు 181వ సెక్షన్. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చినందుకు యజమాని మీద 180వ సెక్షన్. 2019 సవరణ తర్వాత రెండింటికీ జరిమానా 5 వేలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇవి రాజీకి వీలున్న నేరాలు. అంటే కోర్టు దాకా వెళ్లకుండా చలానా కట్టి ముగించుకునే దారి ఉంది.

పాతిక వేల సంగతి 199ఏ సెక్షన్‌లో ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మైనర్ ఈ చట్టం కింద నేరం చేస్తే సంరక్షకుడు లేదా బండి యజమాని తప్పు చేసినట్టే లెక్క. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్ గానీ లైసెన్సు గానీ ఇవ్వరు. ఇది రాజీకి వీలున్న సెక్షన్ల జాబితాలో లేదు, కోర్టుకే వెళ్లాలి.

రోడ్డు మీద ఆపిన పోలీసులు ఏ సెక్షన్ పెడతారన్నది సందర్భాన్ని బట్టి మారుతుంది. ఊళ్లో చాలామందికి ఎదురయ్యేది మొదటి రకం: చలానా, తల్లిదండ్రుల్ని పిలిచి కౌన్సెలింగ్. కాబట్టి 'మా వాడు దొరికితే చలానా కట్టి వచ్చేశాం, ఆ పాతిక వేలన్నీ ఉత్త మాటలు' అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు ఎదురైంది అదే. కానీ మనిషికి దెబ్బ తగిలిన రోజున ఆ లెక్క మారిపోతుంది.

199ఏలో ఇంకో విశేషం ఉంది. మామూలుగా నేరాన్ని ప్రభుత్వం రుజువు చెయ్యాలి. ఇక్కడ మాత్రం, పెద్దల ఒప్పుదలతోనే పిల్లాడు బండి తీశాడని కోర్టు ముందే అనుకుంటుంది. 'నాకు తెలియదు' అనో, 'తియ్యకుండా ఉండటానికి చెయ్యాల్సిన జాగ్రత్తలన్నీ చేశాను' అనో పెద్దవాళ్లే చూపించుకోవాలి. ఇంట్లో తాళంచెవి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంటే, పిల్లాడు రోజూ అదే బండి మీద ట్యూషన్‌కి వెళ్తున్నాడని వాచ్‌మన్‌తో సహా అందరూ చెబితే, ఆ మాట నిలబడటం కష్టం.

ఇది న్యాయమా అన్న దానిమీద రెండు వాదనలూ బలంగానే ఉన్నాయి. వ్యతిరేకించేవాళ్లు ఏమంటారంటే, చెయ్యని పనికి మూడేళ్ల జైలు భయం పెట్టడం, పైగా రుజువు భారం కూడా వాళ్ల మీదే వెయ్యడం నేర చట్టం మూల సూత్రానికే విరుద్ధం. పొద్దున్నే హార్బర్‌కి పోయే తల్లి, కొడుకు స్కూటర్ తీశాడో లేదో ఎలా చూసుకుంటుంది? సమర్థించేవాళ్ల మాట: పదిహేనేళ్ల పిల్లాడికి బండి కొనే డబ్బుండదు, ఇంటి గడప దాటకుండా ఏ బండీ రోడ్డెక్కదు, తాళం ఎవరి చేతిలో ఉందో బాధ్యతా వాళ్లదే. నా ఉద్దేశంలో బాధ్యత పెద్దల మీద పెట్టడం సరైనదే. అయితే రోజూ తాళం అందించే తండ్రినీ, ఒక్క మధ్యాహ్నం ఏమరుపాటున ఉన్న తల్లినీ కోర్టు వేరు చేసి చూస్తేనే అది న్యాయంగా ఉంటుంది. సెక్షన్‌లో అందుకు వీలుంది.

ఇందాకటి ఎంవీపీ కాలనీ అమ్మాయి దగ్గరికి మళ్లీ వద్దాం. మైనర్‌కి ఎల్‌ఎల్‌ఆర్ గానీ లైసెన్సు గానీ ఉండి, ఆ లైసెన్సు వర్తించే బండినే నడుపుతుంటే 199ఏ కింద పెద్దలకు బాధ్యత ఉండదు. ఆమెకు లైసెన్సు ఉంది, కానీ 50 సీసీకి. నడిపింది 110 సీసీ. కాబట్టి ఆ రక్షణ వాళ్ల నాన్నకి దొరకదు. కార్డు చూపించి బయటపడొచ్చు అనుకునేవాళ్లు పట్టుబడేది సరిగ్గా ఇక్కడే.

అసలు దెబ్బ ఇన్సూరెన్సులో తగులుతుంది

జైలు గురించి భయపడేవాళ్లు దీని గురించి ఆలోచించరు. ఒక ఊహా ఉదాహరణతో లెక్క వేద్దాం.

పదిహేడేళ్ల కుర్రాడు మేనమామ బైక్ తీసుకుని గోపాలపట్నం నుంచి ఎన్ఏడీ వైపు వస్తూ ఒక తాపీమేస్త్రీని గుద్దాడు. మేస్త్రీ కాలు పోయింది. ట్రిబ్యునల్ 12 లక్షల పరిహారం వేసిందనుకుందాం. బండికి ఇన్సూరెన్సు ఉంది, ప్రీమియం సమయానికి కట్టారు. ఎవరు కట్టాలి?

2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ప్రకారం చాలా కేసుల్లో జరిగేది ఇది: కంపెనీ ముందు బాధితుడికి డబ్బు కడుతుంది, తర్వాత పాలసీ షరతు తప్పిన యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. బాధితుడు అన్యాయమైపోకూడదు, తప్పు చేసినవాడు తప్పించుకోకూడదు అన్నది ఉద్దేశం. అంటే ఆ 12 లక్షలు చివరికి మేనమామ నెత్తిన పడతాయి. 'నేనివ్వలేదు, వాడే తీసుకుపోయాడు' అంటే? 2011లో జవహర్ సింగ్ కేసులో అచ్చంగా ఇలాంటిదే సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. మేనల్లుడి వరసైన మైనర్ బైక్ తీసుకెళ్లి ప్రమాదం చేశాడు. యజమాని దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఉందనే కోర్టు చెప్పింది.

బండి రిపేరు ఖర్చు కంపెనీ ఇవ్వదు. యజమాని-డ్రైవర్‌కి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా చెల్లుబాటయ్యే లైసెన్సున్న యజమానికే వర్తిస్తుంది, ఆ పిల్లాడికి కాదు. వాడికి దెబ్బ తగిలితే ఆసుపత్రి బిల్లు ఇంటివాళ్లదే.

స్వరణ్ సింగ్ కేసులో, ఆ 2004 తీర్పులోనే, ఎల్‌ఎల్‌ఆర్ కూడా లైసెన్సే అని కోర్టు చెప్పింది. కాబట్టి ఎల్‌ఎల్‌ఆర్ ఉన్న పద్దెనిమిదేళ్లవాడి పరిస్థితి మైనర్ కంటే చాలా మెరుగు. నేర్పేవాళ్లు లేకుండా, ఎల్ బోర్డు లేకుండా నడిపితే మాత్రం వాదించడానికి కంపెనీకి ఒక పాయింటు ఇచ్చినట్టే.

ప్రాణం పోయినప్పుడు

2024 మేలో పుణెలో పదిహేడేళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు గుద్ది ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. బెయిలు షరతుల్లో 300 పదాల వ్యాసం రాయడం ఒకటని తెలిసి దేశమంతా మండిపడింది. చట్టం ఇలా ఎందుకుందని అప్పుడు అందరూ అడిగారు.

16 నుంచి 18 మధ్య వయసువాళ్లను పెద్దవాళ్లలా విచారించాలంటే నేరం 'ఘోరమైనది' అయ్యుండాలి. బాల న్యాయ చట్టం ప్రకారం ఘోరమైన నేరం అంటే కనీస శిక్ష ఏడేళ్లు ఉన్నది. 2016లో ఢిల్లీలో, 18 నిండటానికి కొద్ది రోజులు తక్కువగా ఉన్న కుర్రాడు కారుతో ఒకరిని చంపిన కేసులో ఇదే ప్రశ్న వచ్చింది. కనీస శిక్ష ఏడేళ్లని చెప్పని నేరం, గరిష్ఠ శిక్ష ఎంతున్నా, ఈ లెక్కలోకి రాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. నిర్లక్ష్యపు డ్రైవింగ్‌తో జరిగిన మరణాలు సాధారణంగా ఈ గీతకు ఇవతలే ఉండిపోతాయి.

లైసెన్సు వచ్చాక: భీమిలి రోడ్డు మీద రాత్రి ఒంటిగంటకు

ఇప్పుడు అసలు ప్రశ్న. పద్దెనిమిదేళ్ల మూడు నెలల కుర్రాడు. లైసెన్సు కార్డు పోస్టులో పోయిన వారమే వచ్చింది. వాళ్ల నాన్న కారులో నలుగురు స్నేహితుల్ని ఎక్కించుకుని, రాత్రి ఒంటిగంటకు ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు బయలుదేరాడు. పాటలు పెట్టారు. అందరూ బెల్టులు పెట్టుకున్నారు, ఎవరూ తాగలేదు, వేగం హద్దులోనే ఉంది. ఇందులో చట్టం తప్పిన పని ఎన్ని?

ఒక్కటీ లేదు.

మన దేశంలో కొత్త డ్రైవర్‌కి రాత్రి ఆంక్ష లేదు. ఎంతమందిని ఎక్కించుకోవాలన్న ప్రత్యేక హద్దు లేదు, సీట్లకు సరిపోతే చాలు. లైసెన్సు వచ్చిన రోజే ఎల్ బోర్డు తీసెయ్యొచ్చు, ఆ స్థానంలో 'కొత్త డ్రైవర్' అన్న గుర్తు ఏదీ తగిలించక్కర్లేదు. మందు విషయంలోనూ ఒకటే కొలత: వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 21 నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. అయినా పంతొమ్మిదేళ్ల డ్రైవర్‌కి బ్రీత్ ఎనలైజర్ దగ్గర సున్నా అన్న రూలు లేదు. ఈ రెండు చట్టాలూ ఒకదాన్నొకటి చూసుకోలేదు.

శిక్షలూ అంతే, అనుభవం చూడవు. హెల్మెట్ లేకపోయినా, ట్రిపుల్ రైడింగ్ చేసినా వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు పక్కన పెట్టొచ్చు. అతివేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం వంటి వాటికీ లైసెన్సు తీసుకునే అధికారం ఉంది. ఇవన్నీ అందరికీ ఒకటే.

అమెరికాలో మనవాళ్ల పిల్లలకు ఏముంది?

దీన్ని అక్కడ దశలవారీ లైసెన్సు అంటారు. మొదట నేర్చుకునే దశ, తర్వాత ఆంక్షలతో కూడిన మధ్య దశ, ఆ తర్వాత పూర్తి లైసెన్సు. న్యూజిలాండ్ 1987లో దీన్ని పూర్తి రూపంలో తెచ్చింది. అమెరికాలో 1996లో ఫ్లోరిడాతో మొదలై రాష్ట్రాలన్నిటికీ ఏదో ఒక రూపంలో పాకింది. కొత్త టీనేజ్ డ్రైవర్లకు ప్రమాదం బాగా పెరిగే సందర్భాలు రెండని పరిశోధనలు పదేపదే చూపించాయి: రాత్రివేళ, కారు నిండా తోటి వయసువాళ్లు ఉన్నప్పుడు. మధ్య దశ ఆంక్షలు ఈ రెండిటి మీదే పెట్టారు.

కాలిఫోర్నియాలో పదిహేనున్నర ఏళ్లకు పర్మిట్ ఇస్తారు. ఆరు నెలలు దానితో, పెద్దవాళ్లు పక్కన ఉండగా 50 గంటలు నడపాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. 16కి వచ్చే లైసెన్సుతో మొదటి ఏడాది రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు నడపకూడదు. 25 దాటిన లైసెన్సుదారు పక్కన లేకుండా 20 ఏళ్ల లోపు వాళ్లను ఎక్కించుకోకూడదు. న్యూజెర్సీలో ఇంకాస్త ముందుకెళ్లారు. 21 లోపు కొత్త డ్రైవర్ల కారు నంబరు ప్లేట్ల మీద చిన్న ఎర్ర స్టిక్కర్ ఉండాలి. ఎడిసన్‌లో ఉన్న మన వాళ్ల ఇంటికి వెళ్తే పిల్లల కార్ల మీద అది కనిపిస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. 'కాలిఫోర్నియా రూలు మన దగ్గరా పెట్టాలి' అనేవాళ్లు గమనించని సంగతి, అక్కడి ఆంక్షలు 18 రాగానే ముగిసిపోతాయి. మన లైసెన్సు మొదలయ్యేదే 18కి. ఆ రూలును ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే ఇక్కడ ఒక్కరికీ వర్తించదు.

మనకు పోలిక చూడాల్సింది వయసును కాక అనుభవాన్ని లెక్కపెట్టే చోట్ల. బ్రిటన్‌లో కొత్త డ్రైవర్ ఏ వయసువాడైనా, మొదటి రెండేళ్లలో ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్సు రద్దు, మళ్లీ మొదటినుంచి పరీక్షలు. జపాన్‌లో మొదటి ఏడాది కారుకి ఆకుపచ్చ-పసుపు ఆకు గుర్తు తగిలించాలి. జర్మనీలో రెండేళ్ల పరిశీలన కాలంలోనూ, 21 లోపూ మద్యం సున్నా. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో మొదటి దశలో ఎర్ర 'పి' గుర్తుతో గంటకు 90 కిలోమీటర్లు, రెండో దశలో ఆకుపచ్చ 'పి'తో 100 దాటకూడదు.

ఇక్కడ పెడితే మంచిదా? రెండు వైపులా

కావాలనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. ముప్పై రోజుల ఎల్‌ఎల్‌ఆర్ తర్వాత ఒక్కసారిగా అన్నీ వదిలెయ్యడం కంటే ఏడాదో రెండేళ్లో మెట్టుమెట్టుగా వదలడం నయం. ఖర్చు కూడా పెద్దగా లేదు, ఒక స్టిక్కర్, కొన్ని గంటల హద్దు.

వద్దనేవాళ్ల మాటలు కొట్టిపారెయ్యదగ్గవి కావు. విశాఖలో రాత్రి పదకొండు తర్వాత, తెల్లవారి ఐదు లోపు రోడ్డు మీద ఉన్న పద్దెనిమిదేళ్లవాళ్లందరూ షికారుకు వచ్చినవాళ్లు కాదు. ఫిషింగ్ హార్బర్‌లో వేలం తెల్లారకముందే మొదలవుతుంది. పరవాడ ఫార్మా కంపెనీల్లో, కూర్మన్నపాలెం వైపు ఫ్యాక్టరీల్లో షిఫ్టులుంటాయి. పేపర్లు, పాలు వేసే కుర్రాళ్లున్నారు. నైట్ డ్యూటీ చేసే నర్సింగ్ విద్యార్థినికి బస్సు లేని వేళ సొంత స్కూటరే భద్రత. రాత్రి ఆంక్ష పెడితే దెబ్బ మొదట వీళ్లకే. పని కోసం వెళ్లేవాళ్లకు మినహాయింపు ఇవ్వొచ్చు, కాలిఫోర్నియాలోనూ ఇస్తారు. కానీ యజమాని సంతకం చేసిన కాగితం అడిగితే, రోజుకూలీకి ఆ కాగితం ఎవరిస్తారు?

అమలు గురించిన ప్రశ్న ఇంకా గట్టిది. హెల్మెట్ రూలే పూర్తిగా అమలు కాని చోట, కారాపి ఈ లైసెన్సుకి ఏడాది నిండిందా, వెనక సీట్లో అమ్మాయికి ఇరవై దాటాయా అని ఎవరు చూస్తారు? పైగా లైసెన్సు తీసుకున్నవాళ్ల మీదే ఆంక్షలు పెరిగితే, అసలు తీసుకోకుండా తిరిగేవాళ్లు ఎక్కువవుతారన్న భయం ఉంది.

ఇవన్నీ బేరీజు వేస్తే, రాత్రి నిషేధం మన ఊరి జీవితానికి అతకదనిపిస్తుంది. మద్యం సున్నా, కొత్త డ్రైవర్ గుర్తు, మొదటి రెండేళ్ల తప్పులకు లైసెన్సు తిరిగి తీసుకోవడం అతుకుతాయి. ఎవరి పనికీ అడ్డురావు, వయసు అడగక్కర్లేదు, లైసెన్సు తేదీ చూస్తే చాలు.

అందరూ కార్ల గురించే మాట్లాడుతున్నారు, మన పిల్లలు నడిపేది బైకులు

దశలవారీ లైసెన్సు చర్చంతా కార్ల దేశాలనుంచి వచ్చింది. పక్క సీట్లో ఎవరు కూర్చోవాలన్న రూలు బైక్‌కి ఎలా పెడతాం? మన కుర్రాడి మొదటి బండి బైకే. దాని మీద మన చట్టం ఒక పెద్ద ప్రశ్న అడగనే లేదు, అది బండి శక్తి.

గేర్ల బైక్ లైసెన్సు అంటే వంద సీసీ స్ప్లెండర్‌కీ అదే, వెయ్యి సీసీ స్పోర్ట్స్ బైక్‌కీ అదే. స్ప్లెండర్ మీద ఎయిట్ వేసి, ఆ మర్నాడు 390 సీసీ బండి మీద యెండాడ నుంచి ఆనందపురం వైపు హైవే ఎక్కొచ్చు. యూరప్ దేశాల్లో దీన్ని మెట్లుగా విడగొట్టారు. 16కి 125 సీసీ, 11 కిలోవాట్ల వరకు. 18కి 35 కిలోవాట్ల వరకు. హద్దులేని బైక్‌కి రెండేళ్ల అనుభవంతో 20, లేదంటే నేరుగా 24. మన 50 సీసీ మినహాయింపు వెనకున్న ఆలోచన కూడా ఇదే, చిన్న వయసుకు చిన్న బండి. ఆ ఆలోచన 16 దగ్గర మొదలై 18 దగ్గర ఆగిపోయింది. బైక్ పరీక్ష చాలా చిన్న బండి మీద ఇచ్చి చాలా పెద్ద బండి నడిపే ఈ ఖాళీ, నాకైతే రాత్రి ఆంక్ష కంటే ముందు పూడ్చాల్సింది.

మార్చాలంటే ఎవరు మార్చాలి?

మోటారు వాహనాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. లైసెన్సు షరతులు పార్లమెంటు చేసిన చట్టంలో, కేంద్రం రాసిన 1989 నిబంధనల్లో ఉన్నాయి. రాష్ట్రం కేంద్ర చట్టానికి భిన్నంగా సవరణ చేసుకోవాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. అంటే 'విశాఖలో 20 ఏళ్ల లోపు వాళ్లు రాత్రి నడపకూడదు' అని నగర పోలీసులు ఒక ఉత్తర్వుతో చెప్పే వీలు లేదు.

స్థలాన్ని బట్టి ఆంక్షలు మాత్రం స్థానికంగా పెట్టొచ్చు. ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డు మీద ఫలానా వేళల్లో బళ్లను ఆపే అధికారం 115వ సెక్షన్ రాష్ట్రానికి ఇస్తోంది. పొద్దున నడకకు వచ్చేవాళ్ల కోసం ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలను ఆపేది ఇలాంటి స్థలపు ఆంక్షే. శనివారం రాత్రుళ్లు రుషికొండ వైపు బైక్ రేసులను అడ్డుకోవాలన్నా ఆ దారి ఉంది. దానికి వయసుతో పనిలేదు, అందరికీ ఒకేలా వర్తిస్తుంది. డ్రైవర్ అనుభవాన్ని బట్టి ఆంక్ష కావాలంటే మాత్రం ఢిల్లీలోనే రాయాలి. 16-18 ఏళ్లవాళ్లకు చిన్న ఎలక్ట్రిక్ బళ్లు అనుమతించే ప్రతిపాదనలు కేంద్రం దగ్గర ఇదివరకే వచ్చాయి. 50 సీసీ మాటను సవరించడానికి ఆ సెక్షన్ ఎలాగూ తెరవాల్సిందే. కొత్త లైసెన్సుదారులకు షరతులు చేర్చాలన్నా, బైక్ శక్తిని బట్టి లైసెన్సును విడగొట్టాలన్నా అదే సందర్భం.